దొరలు పోయి ఇన్నేళ్లయినా వాళ్ల చూపు మనలోంచి ఎందుకు పోలేదు?

కోఠి_వాసి:
జూలై 17 వస్తే చాలు, మన గ్రూపులన్నిటిలో తుర్రెబాజ్ ఖాన్ ఫార్వర్డులే. సంతోషమే, గుర్తుపెట్టుకోవాల్సిన మనిషే. 1857లో ఆయనా మౌల్వీ అలావుద్దీనూ కలిసి రోహిల్లాలను (పఠాన్ సిపాయిలను) వెంటబెట్టుకుని కోఠిలోని బ్రిటిష్ రెసిడెన్సీ, అంటే నిజాం దగ్గర ఉండే బ్రిటిష్ ప్రతినిధి (రెసిడెంటు) భవనం మీదకి వెళ్లారు. గోడకి ఎదురుగా ఉన్న ఇళ్లలో చేరి రాత్రంతా కాల్పులు జరిపారు. జమేదార్ చీదా ఖాన్‌ని వదలాలన్నది వాళ్ల డిమాండ్, ఆయన్ని పట్టి రెసిడెన్సీకి అప్పగించింది మన దివాన్ సాలార్ జంగే. అలావుద్దీన్‌ని అండమాన్ పంపేశారు. తుర్రెబాజ్ ఖాన్‌ని 1859 జనవరిలో తూప్రాన్ వైపు చంపి, శవాన్ని ఊళ్లోకి తెచ్చి రెసిడెన్సీ దగ్గర జనం చూసేలా వేలాడదీశారు.

ఇంతవరకూ అందరికీ తెలిసిందే, నేను అడగాలనుకున్నది వేరే. మనుషుల్ని పుట్టుకను బట్టి, రంగును బట్టి లెక్కగట్టే పద్ధతి మీద కూడా కదా ఆ పోరాటాలన్నీ జరిగింది. మరి ఇదే నగరంలో టోలిచౌకిలో సూడాన్ కుర్రాడు రోడ్డు మీద పోతుంటే పిల్లలు వెనకపడి అరుస్తారు, పెద్దవాళ్లు చూస్తూ ఊరుకుంటారు. ఇల్లు ఖాళీగా ఉన్నా లేదంటారు. సంబంధాల ప్రకటనల్లో 'తెల్లగా ఉండాలి' అని సిగ్గు లేకుండా రాస్తాం. స్మారకాలు కట్టుకున్నాం గానీ, ఆ దొర మన నాయనమ్మని చూసిన చూపుతోనే మనం ఇంకొకళ్లని చూస్తున్నాం. ఇది ఎక్కడి నుంచి వచ్చింది, ఎలా నిలిచిపోయింది, తెలిసినవాళ్లు రాయండి. నాకైతే ఇది చాలా బాధగా ఉంది.

మారేడ్‌పల్లి_రావు:
కోఠి గారూ, మీ ఆవేదన అర్థమైంది, కానీ అన్నిటినీ తెల్లవాడి నెత్తిన వేయడం నాకు నచ్చదు. నాకు రెండు పోర్షన్లు అద్దెకున్నాయి. ఎవరికి ఇవ్వాలి అన్నప్పుడు నా టెన్షన్ నాది, ఇంట్లో ఆడపిల్లలున్నారు, పేపర్లో డ్రగ్స్ కేసులు చదువుతాం, రేపు పోలీసులు వస్తే సమాధానం చెప్పాల్సింది నేను. ఇది సెక్యూరిటీ విషయం. జాతి వివక్ష అని ముద్ర వేస్తే ఎలా? పైగా రంగు పిచ్చి, అంటరానితనం బ్రిటిష్ వాళ్లు ఓడ దిగకముందే మన దగ్గర ఉన్నాయి. వాటికి మనమే బాధ్యులం.

సీతాఫల్‌మండి_శీను:
రావు గారు అన్నదాంట్లో రెండో సగం కరెక్టే. కులం మనదే. మొదటి సగం మాత్రం ఒప్పుకోను. విదేశీయుడికి ఇల్లిస్తే 24 గంటల్లో వివరాలు ఆన్‌లైన్‌లో ఎఫ్ఆర్ఆర్ఓకి, అంటే విదేశీయుల వివరాలు నమోదు చేసే ఆఫీసుకి పంపాలని రూల్ ఉంది. ఆ రూల్ జర్మనీ వాడికీ అంతే, నైజీరియా వాడికీ అంతే. జర్మనీ వాడికి ఇస్తూ నైజీరియా వాడికి ఇవ్వకపోతే దాన్ని సెక్యూరిటీ అనరు అన్నా.

స్టూవర్టుపురం_కూతురు:
రావు గారూ, మీరు పెద్దవారు, కోపంతో రాయడం లేదు. 'సెక్యూరిటీ విషయం' అన్న మాట మా ఇంట్లో నాలుగు తరాలుగా వింటున్నాం కాబట్టి కాస్త వివరంగా రాస్తాను.

మాది బాపట్ల దగ్గర స్టూవర్టుపురం. మేము ఎరుకలవాళ్లం. ఊరి పేరు చెప్పగానే మీ మనసులో ఏం మెదిలిందో నాకు తెలుసు, సినిమాలు అలా నేర్పాయి. కానీ ఆ ఊరు ఎలా పుట్టిందో ఎంతమందికి తెలుసు? మా పెద్దవాళ్లు కోస్తా నుంచి ఉప్పు ఎద్దుల మీదా గాడిదల మీదా వేసుకుని లోపలి ఊళ్లకి తీసుకెళ్లి, ధాన్యం తెచ్చుకునేవాళ్లు. బుట్టలు, తట్టలు అల్లేవాళ్లు. ఉప్పు సర్కారు చేతిలోకి పోయింది, రైలు వచ్చి సరుకంతా ఎత్తుకుపోయింది, అడవి చట్టాలు వచ్చాక వెదురుకీ మేతకీ దారి మూసుకుపోయింది, 1876-78 కరువు మిగిలిందాన్ని ఊడ్చేసింది. బతుకుతెరువు అంతా తీసేసి, తిరుగుతున్నారు కాబట్టి దొంగలు అన్నారు.

క్రిమినల్ ట్రైబ్స్ యాక్ట్ 1871లో ఉత్తరాదిలో మొదలైంది, 1911లో మద్రాసు ప్రెసిడెన్సీకి తెచ్చారు. అందులో ఏముందో ఒక్కసారి చూడండి. ఒక మనిషి నేరం చేశాడా లేదా అన్న ప్రశ్నే లేదు. కులాన్ని నోటిఫై చేస్తే అందులో పుట్టినవాళ్లని రిజిస్టర్‌లో ఎక్కిస్తారు, వేలిముద్రలు తీసుకుంటారు. రోజూ హాజరు పలకాలి, కొన్నిచోట్ల రాత్రిపూట కూడా లేపి పేర్లు పిలిచేవాళ్లు. పక్క ఊరికి పెళ్లికి పోవాలన్నా పాస్ కావాలి, పాస్ లేకుండా దొరికితే అదే నేరం. పిల్లల్ని తల్లిదండ్రుల దగ్గర్నుంచి వేరుచేసి స్కూళ్లలో పెట్టే అధికారం కూడా ఆ చట్టంలోనే ఉంది. అలా నోటిఫై చేసినవాళ్లని ఉంచిన మా సెటిల్మెంట్‌ని సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవ సంస్థ వాళ్ల చేతికిచ్చారు, మద్రాసు ప్రభుత్వంలో పెద్ద అధికారి హెరాల్డ్ స్టూవర్ట్ పేరు పెట్టారు. మావాళ్లని చీరాల పొగాకు ఫ్యాక్టరీలో పనికి పంపారు. ఊరు వదిలిపోవడానికి వీల్లేని మనిషి కూలి బేరం ఏమాడతాడు చెప్పండి.

మా తాతయ్య ముసలివాడయ్యాక కూడా సాయంత్రం చీకటి పడేలోపు ఇంటికి చేరాలని హడావుడి పడేవాడు. ఎందుకు తాతా అంటే 'అలవాటు తల్లీ' అనేవాడు. బూట్ల చప్పుడు వినబడితే తినే అన్నం వదిలేసి వాకిట్లోకొచ్చి నిలబడేవాడు.

నేను కూకట్‌పల్లిలో ఉద్యోగం చేసుకుంటూ అద్దెకుంటున్నాను. ఓనర్ అడిగితే బాపట్ల అని చెప్తాను, ఊరి పేరు చెప్పను. ఒకసారి చెప్పినప్పుడు వారం తిరక్కుండా ఇల్లు ఖాళీ చేయమన్నారు, కారణం ఏంటంటే 'మా సెక్యూరిటీ మేము చూసుకోవాలి కదమ్మా'. అందుకే ఆఫ్రికా పిల్లలకి ఇల్లు దొరకడం లేదంటే నాకు ఎవరూ వివరించక్కర్లేదు.

ఏసీగార్డ్స్_మర్ఫా:
అక్కా, చదివి కాసేపు ఫోన్ పక్కన పెట్టేశాను.

లా_కాలేజ్_బెంచీ:
అక్క రాసినదానికి చట్టం వైపు నుంచి కొంచెం కలుపుతాను. ఆ యాక్ట్ దేశమంతటా రద్దయింది 1952 ఆగస్టు 31న, అంటే స్వాతంత్ర్యం వచ్చి ఐదేళ్లు దాటాక. విముక్త జాతులు ఆ రోజునే తమ విముక్తి దినంగా జరుపుకుంటాయి. కానీ దాని స్థానంలో రాష్ట్రాలు హాబిచువల్ అఫెండర్స్ చట్టాలు తెచ్చుకున్నాయి, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1962లో వచ్చింది. కాగితం మీద ఇది కులానికి కాదు, పదే పదే శిక్షపడిన వ్యక్తికి వర్తించేది. ఆచరణలో స్టేషన్ రౌడీషీట్లలో, అనుమానితుల జాబితాల్లో ఎవరి పేర్లు ముందు ఎక్కుతాయో ఈ పని దగ్గరగా చూసిన ఏ లాయర్ని అడిగినా చెప్తారు.

జైళ్ల సంగతి ఇంకా ఘోరం. కొన్ని రాష్ట్రాల జైలు మాన్యువళ్లలో 'సంచార జాతులు', 'నేర జాతులు' అన్న మాటలు మొన్నటిదాకా అలాగే ఉన్నాయి, ఫలానా కులంవాళ్లు వంట, ఫలానావాళ్లు పాకీ పని అన్న విభజనతో సహా. 2024 అక్టోబర్ 3న సుప్రీంకోర్టు సుకన్య శాంత కేసులో అవి రాజ్యాంగ విరుద్ధమని కొట్టేసింది. విముక్త జాతులవాళ్లని ఇష్టమొచ్చినట్టు అరెస్టు చేయకూడదని పోలీసులకి కూడా చెప్పింది. 1871 ఆలోచనని తీసేయమని 2024లో కోర్టు చెప్పాల్సి వచ్చిందంటే, కోఠి అన్న అడిగిన ప్రశ్నకి సగం జవాబు అక్కడే ఉంది.

మారేడ్‌పల్లి_రావు:
స్టూవర్టుపురం అమ్మాయి గారూ, మీరు రాసింది రెండుసార్లు చదివాను. మీ తాతగారి సంగతి మనసు పిండేసింది. చట్టం గురించి వాదన లేదు, అది దుర్మార్గమే. నా సందేహం రంగు గురించి. మన పురాణాల్లో నల్లని దేవుళ్లు ఉన్నారు, అయినా నల్లపిల్లకి సంబంధం దొరకదనే బాధ పాతదే అనుకుంటాను. దీన్ని కూడా బ్రిటిష్ పాలనతో ఎలా ముడిపెడతారు?

పాత_పుస్తకాలు_అబిడ్స్:
మంచి ప్రశ్న రావు గారూ. బ్రిటిష్ వాళ్లు శూన్యంలో ఏదీ సృష్టించలేదు. మన దగ్గర ఉన్న ఎగుడుదిగుడుల్ని తీసుకుని వాటికి కొలతలు, పట్టికలు, సర్కారీ ముద్ర తగిలించారు. ఎడ్గర్ థర్స్టన్ అని మద్రాసు మ్యూజియం సూపరింటెండెంట్ ఉండేవాడు. ఆయన పరికరాలు పట్టుకుని దక్షిణాదంతా తిరిగి మనుషుల తలలు, ముక్కులు కొలిచాడు, ఆ కొలతలు ఎలా తీయాలో పోలీసులకి పాఠాలు చెప్పాడు. పైన అక్క చెప్పిన వేలిముద్రల రిజిస్టర్లూ ఈ ముక్కు కొలతలూ ఒకే బుర్రలోంచి వచ్చాయి. అటు ఉత్తరాన హెర్బర్ట్ రిజ్లీ, 1901 జనాభా లెక్కల కమిషనరు, ముక్కు ఎంత వెడల్పుగా ఉంటే ఆ కులం అంత కింద ఉంటుందని సిద్ధాంతం చేశాడు. ఆ లెక్కల్లోనే కులాల్ని ఎక్కువ తక్కువల వరసలో పెట్టించాడు. వెంటనే మా కులాన్ని పైకి జరపండని దేశమంతా అర్జీలు పెట్టుకున్నారు. పక్కింటివాణ్ణి కింద చూపిస్తేగానీ తాను పైకి పోలేని ఆటలోకి అందర్నీ దింపారు, మనం దిగాం.

ఇంకొకటి చెప్పాలి, ఇది కోఠి కథే. రెసిడెన్సీ కట్టించిన జేమ్స్ కిర్క్‌పాట్రిక్, ఖైరున్నీసాని పెళ్లి చేసుకున్నాడని గైడ్లందరూ ప్రేమకథలా చెప్తారు. పిల్లల సంగతి చెప్పరు. తల్లి గానీ తండ్రి గానీ భారతీయులైతే ఆ పిల్లలకి ఈస్టిండియా కంపెనీ కొలువులు లేవని 1791లోనే కార్న్‌వాలిస్ కాలంలో రూల్ పెట్టారు. ఈ దంపతుల ఇద్దరు పిల్లల్నీ 1805లో, బాబుకి నాలుగేళ్లు, పాపకి మూడేళ్లు అప్పుడు, ఇంగ్లండ్ ఓడ ఎక్కించారు. సాహెబ్ ఆలం కాస్తా విలియం జార్జ్ అయ్యాడు, సాహెబ్ బేగం కేథరిన్ అయింది. తండ్రి అదే ఏడాది కలకత్తాలో చనిపోయాడు. ఖైరున్నీసా బతికినన్నాళ్లూ మళ్లీ ఆ పిల్లల్ని చూడలేదు. రెసిడెంటు అంతటివాడి పిల్లలకే ఈ గతి పట్టిందంటే, మామూలు సిపాయికి పుట్టిన బిడ్డ సంగతి ఊహించుకోండి.

కేపీహెచ్‌బీ_నైట్‌షిఫ్ట్:
రంగు క్రీమ్ సంగతి కూడా రాయండి. 1975 నుంచి ఇంటింటా అమ్మారు, 2020లో అమెరికాలో నల్లజాతివాళ్ల ఉద్యమం లేచాక పేరులో 'ఫెయిర్' తీసి 'గ్లో' పెట్టారు. మా అమ్మ చిన్నప్పుడు నాకు రాసిన డబ్బా అది. పేరు మారింది, మా పిన్ని కూతురికి ఇప్పటికీ రాస్తున్నారు.

ఏసీగార్డ్స్_మర్ఫా:
నా ముచ్చట కూడా వినండి. మా బస్తీ లక్డీకాపూల్, మాసబ్‌ట్యాంక్ మధ్యల ఉంటది. ఏసీ గార్డ్స్ అంటే ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్, నిజాం గుర్రపు దళం. వనపర్తి రాజా దగ్గర ఉన్న ఆఫ్రికా సిపాయిలు నిజాం కొలువులోకి వచ్చారు, వాళ్ల సంతానమే మేము, సిద్దీలం. పోలీస్ యాక్షన్ తర్వాత దళాన్ని తీసేశారు, బతుకుతెరువు పోయింది, బస్తీ మిగిలింది.

హైదరాబాద్‌ల బారాత్ అంటే మర్ఫా ఉండాలె. బార్కస్ అరబ్బులదీ మాదీ కలిసిన దరువు అది. డప్పు మీద చెయ్యి పడంగనే పెద్ద పెద్ద సాబ్‌లు కార్లు దిగి ఎగురుతారు. తెల్లారి అదే చెయ్యి ఉద్యోగానికి అప్లికేషన్ ఇస్తే 'ఏ దేశం?' అని అడుగుతారు. నేను ఇక్కడే పుట్టిన, మా నాయన ఇక్కడే పుట్టిండు, ఆయన నాయన ఇక్కడే పుట్టిండు. తెలుగు, ఉర్దూ రెండూ మాట్లాడుతా. బస్సుల కండక్టర్ నాతోని ఇంగ్లీషుల మాట్లాడతడు. ఆఫ్రికా స్టూడెంట్ల మీద దాడి అని న్యూస్ వచ్చిన రోజు మా అమ్మ మమ్మల్ని బయటికి పోనీయదు, జనం చూసేది ముఖమే గానీ ఆధార్ కాదు కదా.

రంగం_మనవరాలు:
తమ్ముడూ, నీ పోస్టు చదివితే మా తాత మాటలు గుర్తొచ్చాయి. మాది శ్రీకాకుళం తీరం, ఇప్పుడు ఉప్పల్‌లో ఉంటున్నాం. మా వైపు పెద్దవాళ్లంతా కూలికి రంగం, అంటే బర్మా పోయినవాళ్లే. రంగూన్ రేవులో ఓడ సరుకు మోసేది చాలావరకు తెలుగువాళ్లు, కోరంగి రేవు పేరు మీద అందర్నీ కోరంగీలు అని పిలిచేవారు, అది తిట్టు కింద లెక్క.

1930 మే నెలలో కూలి పెంచమని మనవాళ్లు సమ్మె చేశారు. ఓడ సరుకు ఎత్తించి దించే స్టీవ్‌డోర్ కంపెనీలు బర్మా కూలీల్ని తెచ్చి పని చేయించాయి. తర్వాత మనవాళ్లతో రాజీ కుదరగానే, ఆ బర్మా కూలీల్ని ఇక అవసరం లేదు పొమ్మన్నారు. పస్తులున్న వాళ్లు రెండు వైపులా నిలబడ్డారు, మే 26న గొడవ మొదలై ఊరంతా పాకింది. వందమందికి పైగా చనిపోయారు, ఎక్కువమంది మన తెలుగువాళ్లే. ఇద్దర్నీ ఎదురెదురుగా నిలబెట్టిన కంపెనీ వాళ్లకి మాత్రం గీత కూడా పడలేదు.

1942లో జపాన్ వాళ్లు వచ్చినప్పుడు లక్షల మంది అడవుల్లో పడి నడిచి వచ్చారు, దారిలో కలరాకీ ఆకలికీ వేలమంది పోయారు. మా తాత మణిపూర్ వైపు నుంచి వచ్చాడు, ఆయన తమ్ముడు రాలేదు. పరాయి దేశంలో కూలివాడిగా తన్నులు తిన్న జాతి మనది. మన ఊరికి చదువుకోడానికి వచ్చిన పిల్లల్ని మనం అలా చూస్తుంటే నాకు కడుపు తరుక్కుపోతోంది.

ధవళేశ్వరం_కాలువ:
అందరూ రాసింది చదివాను. ఒక్క మాట, ఇంగ్లీషువాళ్లందర్నీ ఒకే గాటన కట్టకండి. మా గోదావరి జిల్లాల్లో కాటన్ దొర ఫొటో ఇళ్లలో ఉంటుంది. 1852 నాటికి ఆనకట్ట పూర్తి చేశాడు, అంతకు ముందు కరువులతో ఊళ్లు ఖాళీ అయిపోయేవి. ఈ రోజు మేము అన్నం తింటున్నామంటే ఆయన చలవ.

పాత_పుస్తకాలు_అబిడ్స్:
కాటన్ మీద గౌరవం నాకూ ఉంది. రైళ్ల మీద అంత డబ్బు పోసే బదులు కాలువలు తవ్వండని తన ప్రభుత్వంతోనే జీవితమంతా పోట్లాడిన మనిషి. ఆయన మాట ఎందుకు వినలేదు అన్నదే చూడాలి.

రిచర్డ్ టెంపుల్ అని ఒకాయన ఉన్నాడు, 1867లో మన హైదరాబాద్‌కే రెసిడెంటుగా చేశాడు. 1874లో బీహార్ కరువులో బియ్యం తెప్పించి జనాన్ని బతికించాడు, ఖర్చు ఎక్కువ పెట్టావని పైవాళ్లు తిట్టారు. 1877లో మద్రాసు కరువుకి పంపితే ఈసారి ఖర్చు తగ్గించి చూపించాడు: సహాయ పనుల్లో మట్టి మోసే మగమనిషికి రోజుకి ఒక పౌను ధాన్యం, అంటే దాదాపు 450 గ్రాములు, దాని మీద చిల్లర. మద్రాసు శానిటరీ కమిషనర్ డాక్టర్ కార్నిష్ ఇది చాలదు, జనం చచ్చిపోతున్నారని కాగితాల మీద కాగితాలు రాశాడు. ఆ ఏడాది జనవరి 1నే ఢిల్లీలో విక్టోరియా రాణిని చక్రవర్తినిగా ప్రకటిస్తూ వైస్రాయ్ లిట్టన్ పెద్ద దర్బారు చేశాడు. కాటన్, కార్నిష్ లాంటి మంచివాళ్లు ఉన్నారు, నిజమే. కానీ ఎవరి ప్రాణం ఎంత ఖరీదు అన్నది ముందే తేల్చేసిన పాలనలో వాళ్ల మంచితనం కొంత దూరమే పోగలిగింది. బకింగ్‌హాం కాలువలో కొంత భాగం ఆ కరువు కూలీలు తవ్విందే.

ఆసిఫాబాద్_రోడ్:
తెలంగాణ సంగతి ఎవరూ ఎత్తలేదు. మాకు నేరుగా ఉన్నది నిజాం పాలన, బ్రిటిష్ వాడు వెనక ఉన్నాడు. అడవి విషయంలో ఇద్దరిదీ ఒకే దారి. అటు మన్యంలో 1882 మద్రాసు అటవీ చట్టంతో పోడు ఆపారు, డిప్యూటీ తహసీల్దార్ బాస్టియన్ రోడ్డు పనులకి కూలి ఎగ్గొట్టాడు, 1922 ఆగస్టులో అల్లూరి చింతపల్లి స్టేషన్ మీద పడ్డాడు. ఇటు రిజర్వు ఫారెస్టు గీతలు గీసి గోండుల గూడేలు లేపేశారు, కొమురం భీం 1940లో జోడేఘాట్‌లో ప్రాణమిచ్చాడు. అల్లూరి వెంట నడిచిన గాం మల్లుదొర అండమాన్ జైలు చూసి వచ్చి 1952లో లోక్‌సభకి ఎన్నికయ్యాడు, ఆయన పేరు మన పిల్లల్లో ఎంతమందికి తెలుసు? అల్లూరిని గుర్తుపెట్టుకున్నాం, ఆయన వెంట చచ్చిన గిరిజనుల్ని మర్చిపోయాం. ఇప్పటికీ పోడు రైతు పట్టా అడిగితే 'ఆక్రమణదారు' అనే అంటారు.

డాలస్_నుంచి_మల్లేశ్:
నేను ఎల్బీనగర్‌వాణ్ణి, ఇక్కడ ఉద్యోగం. 2017 ఫిబ్రవరిలో కాన్సాస్‌లో మన హైదరాబాద్ ఇంజినీర్‌ని బార్‌లో 'మా దేశం నుంచి పో' అని కాల్చి చంపినప్పుడు నెలరోజులు మేమెవ్వరం బయట తెలుగు మాట్లాడలేదు. వాడికి మన కులం తెలియదు, డిగ్రీ తెలియదు, చర్మం చూశాడు. ఇంత చూసి కూడా ఇక్కడి మన తెలుగు గ్రూపుల్లో నల్లవాళ్లున్న ఏరియాలో ఇల్లు కొనకండి అని సలహాలిస్తారు. మనకి వీసాలు దొరికే 1965 చట్టం వచ్చిందే వాళ్ల పౌరహక్కుల పోరాటం ఊపులో. చెప్తే వినరు.

మారేడ్‌పల్లి_రావు:
శీను గారూ, ఆ ఎఫ్ఆర్ఆర్ఓ పద్ధతి గురించి నాకు విడిగా మెసేజ్ పెట్టండి. జూన్‌లో మా కింది పోర్షన్ ఖాళీ అవుతుంది.

స్టూవర్టుపురం_కూతురు:
థాంక్స్ రావు గారూ. లా కాలేజ్ తమ్ముడూ, అబిడ్స్ గారూ, మీ ఇద్దర్నీ ఒకటి అడగాలి. సెటిల్మెంట్ రిజిస్టర్లలో మా తాతయ్య, ఆయన అన్నదమ్ముల పేర్లు ఉండి ఉంటాయి కదా. ఏం నేరం రాశారో, వేలిముద్ర ఉందో లేదో చూడాలని మా నాన్నకి ఎప్పటినుంచో ఉంది. తార్నాక ఆర్కైవ్స్‌లో దొరుకుతాయా?

పాత_పుస్తకాలు_అబిడ్స్:
అమ్మా, తార్నాకలో ఎక్కువగా నిజాం సర్కారు కాగితాలు ఉంటాయి. మీ ఊరు అప్పట్లో మద్రాసు ప్రెసిడెన్సీ కాబట్టి ముందు చెన్నై ఎగ్మోర్‌లోని ఆర్కైవ్స్‌లో వెతకాలి. పోలీసు, జ్యుడీషియల్ శాఖల జీవోల్లో సెటిల్మెంట్ల వార్షిక నివేదికలు చూడండి. రీసెర్చ్ పర్మిషన్‌కి దరఖాస్తు పెట్టుకోవాలి, ఐడీ కార్డూ ఏదైనా సంస్థ లెటరూ దగ్గర ఉంచుకోండి. బాపట్ల, చీరాల స్టేషన్ల పాత రికార్డుల గురించి జిల్లా ఎస్పీ ఆఫీసుకి ఆర్టీఐ కూడా వేయొచ్చు.

లా_కాలేజ్_బెంచీ:
ఆర్టీఐ అప్లికేషన్ నేను రాసిస్తాను అక్కా. తాతగారి పేరు, తండ్రి పేరు, సుమారుగా పుట్టిన ఏడాది పంపండి. లెటర్ కోసం మా ప్రొఫెసర్‌ని అడుగుతాను.

స్టూవర్టుపురం_కూతురు:
నాన్న రాసిస్తున్నారు. మొత్తం పదకొండు పేర్లు ఉన్నాయట, రేపు పొద్దున పంపిస్తాను.